ఉనైసి ల్యాప్‌టాప్

ఆ రోజు మధ్యాహ్నం మా దీవిలోని సవుసవు ఊళ్లో వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. బజారులో సగం కొట్లు మూసేశారు. జల్లు లోపలికి కొడుతోందని నేనూ నా కొట్టు షట్టర్ సగానికి దించి, పగలే లైటు వేసుకుని, ఉడికించిన కర్రపెండలం తింటూ కూర్చున్నాను. పదకొండేళ్లుగా ఆ గదిలోనే కంప్యూటర్లు బాగుచేస్తున్నాను.

షట్టర్ కింద నుంచి వంగి అపిసాయి మాస్టారు లోపలికొచ్చారు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినాయన.

"తిండి మధ్యలో వచ్చానా సేనీ?"

"క్లాసులో నా టిఫిన్ డబ్బా ఖాళీ చేసినప్పుడు ఇలా అడగలేదే మాస్టారూ. కూర్చోండి."

ఆయన నవ్వలేదు. చొక్కా లోపల దాచుకొచ్చిన ప్లాస్టిక్ సంచీ తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఒక ల్యాప్‌టాప్, తాటాకుతో వెడల్పుగా అల్లిన ఒక విసనకర్ర ఉన్నాయి.

"ఉనైసిది," అన్నారు.

ఉనైసి ఆయన ఒక్కతే కూతురు. పంతొమ్మిదేళ్లు. మార్చిలో డెంగీ జ్వరంతో పోయింది. ఏరు పొంగి రోడ్డు మునిగిపోవడంతో ఆస్పత్రికి తీసుకెళ్లలేకపోయారు. మాస్టారే పక్కన కూర్చుని విసిరారట. ఎప్పుడో కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి పిల్ల లేదు. ఖననానికి నేనూ వెళ్లాను.

"ఆ చివరి రోజు దీంట్లో ఏదో రికార్డు చేసుకుంది. నేనింకా వినలేదు. ఆన్ చేస్తే నాలుగు నిమిషాల్లో కాలిపోయేంత వేడెక్కి ఆగిపోతోంది. ఆ ఒక్కటీ తీసిపెట్టు తల్లీ."

అది డిస్కు బోర్డుకే అతికించి ఉండే రకం. విడిగా ఊడదీసి కాపీ చేసే వీల్లేదు. మెషీను బతికుండగానే తీయాలి.

విప్పి చూశాను. గాలి బయటికెళ్లే సందుల్లో దుమ్ము అట్టకట్టి ఉంది. బ్రష్‌తో దులిపాను. ప్రాసెసర్‌కీ దాని మీది రాగిరేకుకీ మధ్య పూసే పేస్టు ఎండి పొడిపొడిగా రాలింది. గీకేసి కొత్తది పూశాను. ఫ్యాను వేలితో తిప్పితే సాఫీగానే తిరుగుతోంది. ఎందుకైనా మంచిదని దాన్ని కూడా మార్చేశాను. ఇంతకంటే చెయ్యడానికి ఏమీ ఉండదు.

బ్యాటరీ లేకుండా, కరెంటు వైరుతోనే ఆన్ చేశాను. వేడి ఎంతో తెర మీద కనిపించేలా పెట్టాను. అరవై. డెబ్బై ఎనిమిది. తొంభై. ఫ్యాను గీపెడుతోంది. తొంభై ఏడు. టప్‌మని ఆగిపోయింది.

బిగించిన మరలన్నీ మళ్లీ విప్పి చూశాను. తప్పెక్కడా లేదు. గదిలో వాసన మాత్రం మారింది. కాలిన ప్లాస్టిక్ వాసన కాదు. చెమట, మందులు, ఉతకని దుప్పటి... జ్వరమొచ్చిన మనిషి పడుకున్న గది వాసన.

"ఆ ఫ్యానుతో తగ్గదు," అన్నారు మాస్టారు మెల్లగా. "చేత్తో విసరాలి."

"మీరు విసిరి చూశారా?"

"చూశాను. విసిరితే తగ్గుతుంది. కానీ కూర్చుని విసురుతుంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది సేనీ. ప్రతిసారీ అంతే. ఆ రోజులాగే."

పెన్‌డ్రైవ్ పెట్టి, మళ్లీ ఆన్ చేసి, విసనకర్ర అందుకున్నాను.

నిజంగానే తగ్గింది. తొంభై నాలుగు. ఎనభై ఒకటి. డెబ్బై రెండు దగ్గర నిలబడింది. పన్నెండు గంటల రికార్డింగు అది, పెద్ద ఫైలు. కాపీ చీమలా పాకుతోంది. మాస్టారు నా వెనక కుర్చీలో కూర్చున్నారు. రేకుల మీద వాన. విసనకర్ర సవ్వడి. ఇరవై శాతం. నలభై. అరవై దాటేసరికి జబ్బ పీకేస్తోంది. డెబ్బై ఐదు దగ్గర చెయ్యి ఇక లేవలేదు.

ఆపేశాను. అంకె పైకెళ్తుందని ఊపిరి బిగబట్టి చూశాను.

వెళ్లలేదు. దిగింది. అరవై ఆరు. యాభై ఎనిమిది. నలభై తొమ్మిది.

"మాస్టారూ, చల్లబడుతోంది," అన్నాను సంతోషంగా.

వెనక్కి తిరిగాను. ఆయన తల వాల్చి నిద్రపోతున్నారు. మొహం ఎర్రగా కందిపోయింది. పెదాలు పగిలిపోయాయి. వానలో తడిసొచ్చిన చొక్కా పొడిగా ఎండిపోయి ఉంది... దాని మీంచి సన్నగా ఆవిరి లేస్తోంది.

నుదుటి మీద చెయ్యి వేసి వెంటనే లాగేసుకున్నాను. పెనం ముట్టుకున్నట్టుంది.

"మాస్టారూ. లేవండి."

భుజం పట్టి కుదిపాను. లేవలేదు. తెర వైపు చూశాను. నలభై ఒకటి. ఎనభై రెండు శాతం. ఆయన ఊపిరి ఎగశ్వాసలా ఉంది. ముప్ఫై తొమ్మిది. ఎనభై ఐదు.

వేడి ఎక్కడికి పోతోందో అప్పుడు అర్థమైంది నాకు.

కరెంటు వైరు మీద చెయ్యి వేశాను. ఆయన కళ్లు తెరవకుండానే గుసగుసగా అన్నారు.

"తియ్యకు... ఇంకొంచెమే..."

ఇంకో పదిహేను శాతం. పిల్ల చివరి మాటలు. మళ్లీ ఆన్ చేస్తే ఈ యంత్రం బతుకుతుందో లేదో తెలీదు. ఆయన ముక్కులోంచి రక్తం పైపెదవి మీదికి జారింది.

లాగేశాను.

తెర నల్లబడింది. మాస్టారు నీళ్లలోంచి పైకొచ్చిన మనిషిలా ఒక్కసారి గాలి పీల్చుకుని కళ్లు తెరిచారు. ఒళ్లు తాకి చూస్తే మామూలుగా ఉంది. మంచినీళ్లిస్తే రెండు గ్లాసులు తాగారు. ముక్కు తుడుచుకున్నారు. బల్ల మీద యంత్రాన్ని చూశారు.

"నువ్వూ ఆపేశావు," అన్నారు.

"మీరు చచ్చిపోయేవాళ్లు మాస్టారూ."

"అయితే?"

ల్యాప్‌టాప్‌ని ఇక్కడే వదిలెయ్యమని బతిమాలాను. వినలేదు. మరలు కూడా పూర్తిగా బిగించనివ్వలేదు. విసనకర్రతో సహా సంచీలో పెట్టుకుని, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయారు.

పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉండిపోయింది.

సగంలో తెగిన ఫైలు ఒక్కోసారి పలుకుతుంది. ఎంతవరకు వచ్చిందో చూసి కబురు చేద్దామని నా కంప్యూటర్‌లో పెట్టి, వచ్చినదాని చివరి నిమిషాలకు జరిపాను.

విసనకర్ర సవ్వడి. ఉనైసి బరువైన ఊపిరి. దూరంగా ఏటి హోరు. కాసేపటికి మాస్టారి గురక మొదలైంది. పాపం, ఇక్కడే కునుకు పట్టిందన్నమాట అనుకున్నాను.

గురక గాఢమైంది.

విసనకర్ర ఆగలేదు.

అదే తీరుగా, అలుపు లేకుండా... ఆయన గురకకు ఇవతల, రికార్డు చేస్తున్న యంత్రానికి బాగా దగ్గరగా. ఆ ఇంట్లో వాళ్లిద్దరే ఉండేవాళ్లు.

అప్పుడు ఉనైసి గొంతు వినిపించింది. తండ్రిని లేపకూడదన్నట్టు, చాలా చిన్నగా.

"ఎవరు మీరు?"

సవ్వడి ఆగింది. ఎవరో జవాబివ్వడానికి ఊపిరి తీసుకున్నారు.

ఫైలు అక్కడ తెగిపోయింది. మిగతాది మాస్టారి దగ్గరుంది. ఫోన్ చేస్తూనే ఉన్నాను... ఎత్తడం లేదు.