పారబోయని మడ్డి

"శాంపిల్ ఎండిందా?"

ఉదయం తొమ్మిదింటికి ఫోన్‌లో ఆ మాట వినగానే కెమిస్టు తూకాల గది తలుపు మూశాడు.

"ఇంకా తడిగానే ఉంది సార్."

కోడ్ కలిసింది. ఇంటెలిజెన్స్ చీఫ్ గొంతు వేగం పెంచింది. "ప్రభుత్వం లీజుకిచ్చే ఆ కొండలో రేర్ ఎర్త్ లోహాలు ఏమీ లేవని మీ ల్యాబ్ రిపోర్టు. దాన్ని చూపించి ఒక విదేశీ ముఠా కొండని కారుచౌకగా కొట్టేయబోతోంది. నాలుగింటికి లీజు మీద సంతకాలు. రిపోర్టు నిజమో అబద్ధమో ఈలోపు తేల్చు. మీ ల్యాబ్‌లోని మేడమ్ సాయం తీసుకో. ఆవిడ మన ఏజెంటే, వాళ్ల మనిషిలా నటిస్తోంది."

ఫోన్ కట్ అయింది.

మన కెమిస్టు మూడేళ్లుగా పవర్ లేని కళ్లద్దాలతో, అరువు పేరుతో అక్కడ కాలక్షేపం చేస్తున్నాడు. సొంత పేరు పిలిచేవాళ్లు లేక అది తుప్పు పట్టింది. అక్క కూతురి పెళ్లికి కూడా వెళ్లలేకపోయాడు. అతనితో కూర్చుని టీ తాగేది మేడమ్ ఒక్కతే. ఆవిడ కారిడార్‌లో నడిచొస్తే యాసిడ్ వాసన కూడా పక్కకు తప్పుకునేది. పదకొండింటికి వచ్చే ఆ పది నిమిషాల కోసమే అతను మిగతా రోజంతా భరించేవాడు.

ఆరోజూ టీ తాగారు.

"ఆ కొండ శాంపిల్స్ ఎవరు కరిగించారు మేడమ్?"

"నేనే. అన్నీ బిలో డిటెక్షన్ లిమిట్."

"అంటే ఏమీ లేనట్టేనా?"

ఆవిడ నవ్వింది. "లేదని కాదు. మన మెషిన్‌కి అందలేదని."

మధ్యాహ్నం అతను ఆవిడ బల్ల కింద అరలో వెతికాడు. ఆరు ట్యూబులు, ఆవిడ చేతిరాతతోనే లేబుళ్లు. ప్రతిదాని అడుగునా చిటికెడు తెల్లని ఇసుక.

అది జిర్కాన్, రేర్ ఎర్త్‌ని కడుపులో దాచుకునే ఖనిజం. మొండివాడు రాజుకంటే బలవంతుడన్నట్టు, మామూలు యాసిడ్‌కి లొంగదు. ఉక్కు తొడుగులో బిగించి రెండు రోజులు ఓవెన్‌లో ఉడికించాలి. ఆవిడ మూత లేని బీకర్‌లో కాచి, పైన తేరిన నీళ్లు మాత్రం మెషిన్‌కి పంపింది. అసలు సరుకంతా అడుగున మడ్డిలోనే ఉండిపోయింది. కంచే చేను మేసిందన్నమాట.

రెండు రోజులు ఎక్కడివి? మడ్డిలో దాన్ని కరిగించే ఫ్లక్స్ పొడి కలిపి, ప్లాటినం మూసలో పోసి, వెయ్యి డిగ్రీల కొలిమిలోకి తోశాడు. అరగంటలో మొండిఘటం గాజులా కరిగింది. ఆ గాజును యాసిడ్‌లో కలిపి మెషిన్‌కి ఎక్కించాడు. మూడూ యాభైకి స్క్రీన్ మీద అంకెలు లేచాయి. ఇట్రియం, డిస్ప్రోసియం, ఇటర్బియం. కొండ నిండా ఉన్నాయి.

"ఆ స్క్రీన్ ముందు నుంచి లేవండి."

గుమ్మంలో మేడమ్. చేతిలో చిన్న పిస్టల్.

"ఆ మడ్డిని ఎందుకు పారబోయలేదు మేడమ్?" అన్నాడు అతను. "పారబోసి ఉంటే దొరికేవారే కాదు."

"శాంపిల్ వ్యవహారం పూర్తిగా ముగియకముందు మడ్డి పారబోస్తే మా గురువుగారు చెయ్యి విరిచేవారు." ఆవిడ నిట్టూర్చింది. "ఇరవై ఏళ్ల అలవాటు. దేశాన్ని అమ్మేటప్పుడు కూడా పోలేదు."

"నా జేబులో పెన్ను చూశారా? అంకెల్ని ఫొటో తీసి ఎప్పుడో పంపేసింది."

బల్ల మీద ఫోన్ మోగింది. మూడూ యాభై తొమ్మిది. అతను స్పీకర్ నొక్కగానే చీఫ్: "లీజు మీద సంతకానికి మంత్రిగారు పెన్ను మూత తీసినవారు మళ్లీ పెట్టేశారు! గార్డులు పైకి వస్తున్నారు!"

ఆవిడ పిస్టల్ బల్ల మీద పెట్టేసింది.

"మీ అసలు పేరేంటి?"

"చెప్పకూడదు మేడమ్."

"తెలుసు. ఎవరైనా అడిగితే బాగుంటుందని అడిగాను."

గార్డులు తీసుకెళ్లేదాకా అతను ఆవిడ వైపు చూడలేకపోయాడు.

మర్నాడు పదకొండింటికి అలవాటుగా రెండు కప్పులు తెచ్చుకున్నాక చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏంటోయ్, గొంతు అలా ఉంది? దిగులుగా ఉందా?"

"బిలో డిటెక్షన్ లిమిట్ సార్," అన్నాడు కెమిస్టు, రెండో కప్పు కూడా తనే తాగుతూ.