ఎండిన వాగులో పద్దెనిమిది అడుగులు

"ఈ కేసులో పోయిన ఇద్దరూ నాకంటే ధైర్యస్తులు సార్," అన్నాడు ఏజెంట్ పదిహేడు. డిపార్ట్‌మెంట్‌లో అతనికి వణుకు అనే పేరు ఊరికే రాలేదు.

చీఫ్ ఫైలు మూశాడు.

"అందుకే నీకు అన్నిటికంటే చిన్న వంతెన ఇస్తున్నా. విను. సాయంత్రం నాలుగు ఇరవై ప్యాసింజర్. మూడో పెట్టెలో మన శాంతి ప్రతినిధులు ముగ్గురు, మారువేషాల్లో. మిగతా పెట్టెల్లో మూడొందల మంది మామూలు జనం. దారిలో పదకొండు వంతెనలు. ఒకదానికి విదేశీ ముఠా బాంబు పెట్టింది. రిమోట్ కంట్రోల్. ఏ వంతెనో తెలీదు."

"రైలే ఆపేస్తే?"

"ముఠా మాయమవుతుంది. రేపు ఇంకో రైలు. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది, కోడ్‌నేమ్ నెమలి. ‘ఈ వంతెన వయసెంత?’ అంటుంది. ‘మా మేనత్త కంటే రెండేళ్లు చిన్నది’ అను. ఇదిగో పెన్ను. మూత తిప్పితే ట్రాన్స్‌మిటర్."

రెండు గంటలకల్లా వణుకు ఖాకీ చొక్కాలో, రిలీఫ్ వాచ్‌మన్ వేషంలో వంతెన దగ్గర దిగాడు. ఐదు స్తంభాలు, ఎండిన వాగు, ఒడ్డున ఒక రేకుల గది. వంతెన కింద రెండుసార్లు వెతికాడు. పిచ్చుక గూళ్లు తప్ప ఏమీ దొరకలేదు. దొరకనందుకు లోపల్లోపల సంతోషించాడని కూడా చెప్పుకోవాలి. పెన్ను మూత తిప్పితే గరగర తప్ప మాట రాలేదు. చుట్టూ గుట్టలు.

గదిలో ముసలి వాచ్‌మన్‌కి కొత్త మనిషి దొరకడమే పండగైంది.

"నలభై ఏళ్ల కింద రెండో స్తంభం కుంగింది బాబూ. అప్పుడు మా నాన్నే వాచ్‌మన్. వానలో కిందికి దిగి కొలత చూడ్డానికి బద్ధకించి, ఇక్కడ కూర్చునే ఆరడుగులని రాసేశాడు. రైలు వెళ్లింది. తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత మా నాన్న ఇంట్లో ఎవరి మొహమూ చూసి మాట్లాడలేదు."

మూలనున్న ఎర్రజెండా కర్ర తుడుస్తూ మళ్లీ అందుకున్నాడు.

"అప్పట్నుంచి ప్రతి రైలూ వంతెన ముందు ఆగాలి. వాచ్‌మన్ నీళ్లు చూసి రిజిస్టర్లో రాస్తాడు, డ్రైవర్ దిగి సంతకం పెడతాడు. పన్నెండడుగులు దాటితే రైలు వెనక్కే. వాగు కళ్లకి ఎలా కనపడినా సరే, పుస్తకంలో ఉన్నదే లెక్క."

"వాగులో చుక్క నీళ్లు లేవుగా?"

"ఏడేళ్లయింది. అయినా ప్రతి రైలుకీ దిగి చూసే సున్నా రాస్తాను."

నాలుగింటికి ఒకావిడ వచ్చింది. పట్టు శాలువా, నల్ల కళ్లద్దాలు, మెడలో కెమెరా. చిన్న వంతెనల చరిత్ర మీద పుస్తకం రాస్తోందట.

"ఈ వంతెన వయసెంతండీ?"

"మా మేనత్త కంటే రెండేళ్లు చిన్నది," అన్నాడు వణుకు. ప్రాణం లేచొచ్చింది.

"బాంబు ఇక్కడ కాదు. తర్వాతి వంతెన. మనవాళ్లు చూసుకుంటున్నారు," అని అతనికి మాత్రమే వినబడేలా అంది నెమలి.

తర్వాత ముసలాయన్ని అడగడం మొదలుపెట్టింది. పొడవెంత? సంతకమయ్యాక ఇంజిను వంతెన మధ్యకి రావడానికి ఎన్ని సెకన్లు? రెండో స్తంభం కుంగిందని ఆయన చెప్పబోతే ఆ మాట దాటేసింది. ఎవరు పోయారని అడగలేదు. వంతెన వైపు కెమెరా ఎత్తి క్లిక్‌మనిపించింది.

లెన్స్‌కి మూత అలాగే ఉంది.

వణుకు చూపు ఆ మూత మీదే ఆగింది. అతను చూసిందేమిటో ఆవిడా చూసింది. శాలువా కిందనుంచి పిస్టల్ ముసలాయన డొక్కకి ఆనింది.

"నువ్వు మా మనిషివి కదా?" అన్నాడు వణుకు.

"పోయిన నెల దాకా. డ్రైవర్‌కి రిజిస్టర్ నువ్వే ఇవ్వు. రోజూ జరిగేదే జరగాలి. ఒక్క మాట ఎక్కువైతే ముందు ఈయన, తర్వాత ఆ డ్రైవర్."

దూరంగా కూత వినిపించింది. పారిపోవాలని ఉంది వణుక్కి. ఏడవాలని ఉంది. కిటికీల్లోంచి పిల్లలు చేతులు ఊపుతుండగా రైలు వచ్చి వంతెన ముందు ఆగింది. డ్రైవర్ చేతులు తుడుచుకుంటూ దిగింది, ముప్ఫై ఏళ్ల మనిషి.

"బాగున్నావా బాబాయ్? ఈయనెవరు?"

"రిలీఫ్," అన్నాడు ముసలాయన.

వణుకు రిజిస్టర్లో కొత్త పేజీ తిప్పాడు. కాలమ్‌ల పేర్లు మొదటి పేజీలోనే ఉంటాయి. ట్రాన్స్‌మిటర్‌గా చేతులెత్తేసిన పెన్ను, పెన్నుగా మాత్రం పనిచేసింది. తేదీ వేశాడు. టైము వేశాడు. పక్కన 18 అని వేశాడు.

నెమలి తొంగి చూసింది. ఆవిడకది ఒట్టి అంకె.

డ్రైవర్ ఆ అంకె చూసింది. వాగు చూసింది. వంతెన కింద మేకలు తిరుగుతున్నాయి. బాబాయ్ మొహం చూసింది. ‘ఇదేంటి’ అని ఒక్క మాట అడిగిందా, అంతా అయిపోయినట్టే.

ఆమె సంతకం పెట్టింది.

"వస్తా బాబాయ్."

ఇంజిన్ ఎక్కింది. కూత వేసింది. నెమలి బొటనవేలు కెమెరా మీటకి చేరింది.

"ఒకటి... రెండు... మూడు..."

రైలు ఒక్క కుదుపు కుదిపి వెనక్కి కదిలింది. పెట్టె తర్వాత పెట్టె, మూడొందల మందీ వంతెనకి దూరంగా జరిగిపోయారు.

"ఏం రాశావురా?" పిస్టల్ వణుకు వైపు తిరిగింది.

సాహసించి దూకాడని తర్వాత రిపోర్టులో రాశారు. నిజానికి మోకాళ్లు పట్టుతప్పి ఆవిడ మీద కూలబడ్డాడు. తూటా రేకులు చీల్చుకుని పైకి పోయింది. ముసలాయన జెండా కర్రతో ఆవిడ మణికట్టు మీద ఒక్కటిచ్చి, ఎర్ర గుడ్డతో చేతులు కట్టేశాడు.

కెమెరా వణుకు పొట్ట కింద ఉండిపోయింది. మీట ఎటువైపుందో తెలీదు. గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయపడుతూ, ముసలాయన కబురు పెట్టిన బాంబ్ స్క్వాడ్ వచ్చేదాకా గంటసేపు అలాగే పడుకున్నాడు. బాంబు రెండో స్తంభం లోపలి డొల్లలో దొరికింది.

అది తీసేశాక డ్రైవర్ పట్టాల వెంబడి నడుచుకుంటూ వచ్చింది.

"పద్దెనిమిదడుగుల నీళ్లెక్కడ బాబాయ్?"

ముసలాయన, చెమటతో తడిసి ముద్దై నేల మీద నుంచి ఇంకా లేవని వణుకు వైపు చూపించాడు.

"అన్నీ ఈయన చొక్కాలోనే ఉన్నాయమ్మా."