చేతికిచ్చిన కత్తి

"ఏజెంట్ తొమ్మిది! ఈరోజు మధ్యాహ్నం పన్నెండింటికి దిండి రేవులో రెస్క్యూ డైవర్లు కొత్త మడత కత్తులతో డ్రిల్ చేస్తారు. విదేశీ ముఠా వాటి లాకులు మార్చిందని అనుమానం. తాడు కోస్తుండగా బ్లేడు మడుచుకుంటే వేళ్లు తెగుతాయి. తుఫాన్ల సీజన్ ముందు మన టీమ్ మూలపడుతుంది. టెస్ట్ చెయ్యి. ఇంటికి ఫోన్ చెయ్యకు."

ఇయర్‌పీస్ మూగబోయింది.

స్టీఫెన్‌కి పెళ్లయి రెండు నెలలు. పదకొండు రోజులుగా కత్తుల కంపెనీ ఇంజనీరు వేషంలో దిండి రేవు దగ్గర ఈ హౌస్‌బోట్‌లో ఒక్కడే ఉంటున్నాడు. ఆటో ఎక్కితే ఇల్లు. రాజోలులో భార్య లిడియా మాత్రం అతను వైజాగ్‌లో ట్రెయినింగ్‌లో ఉన్నాడనుకుంటోంది. రోజూ పొద్దున్నే టీకి రెండు గ్లాసులు తీసేవాడు. రెండోదాన్ని మళ్లీ బోర్లించేవాడు.

తలుపు చప్పుడైంది.

"పూతరేకు తడిసిందాండీ?"

"మడత చెదరలేదండి."

కోడ్ సరిపోయింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్లద్దాలు. హెడ్‌క్వార్టర్స్ పంపుతానన్న అమృతవల్లి.

"మాది ఈ పక్క పలివెలేనండి. శాంపిల్స్ నేనే ఏరి తెచ్చేను. ఆరున్నాయి. మిగతా పెట్టెలు రేవుకి పంపేసి, ఆ అట్టపెట్టె ఒక్కటీ ఇక్కడ ఉంచేనండి."

మొదటి కత్తి పిడిని బల్లకు బిగించి, పదును కిందికి ఉండేలా బ్లేడు తెరిచి, దాని వీపు మీంచి ఇసుక సంచి వేలాడదీశాడు స్టీఫెన్. చేతి గడియారంలో దాచిన మీటరు నలభై కిలోలు చూపింది. లాకు చలించలేదు. అలా ఒకదాని తర్వాత ఒకటి ఐదూ పాస్.

"పదకొండున్నరైందండి. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేయండి మరి. ఇదిగో, ఆఖరిది."

ఆరో కత్తిని తెరిచి నేరుగా అతని అరచేతిలో పెట్టింది.

స్టీఫెన్ ఆగిపోయాడు. పెళ్లయిన వారానికి లిడియా మామిడికాయ తరుగుతుంటే కత్తి అందుకోబోయాడు. ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుని కత్తిని పళ్లెంలో పెట్టింది. "చేతికివ్వకూడదండీ, గొడవలొస్తాయి!" ఎంత బాగా కోప్పడిందో! ఈ వైపు ఇళ్లల్లో పెరిగిన ఆడపిల్ల కత్తిని ఎక్కడో ఒకచోట పెడుతుంది. చేతికివ్వదు.

"శాంపిల్స్ మీరు ఏరేరు. ఇంకొకటి నేను ఏరతానండి," అంటూ అట్టపెట్టె అడుగు నుంచి ఒకటి తీసి బిగించాడు.

ఐదు కిలోలకే లాకు జారింది. బ్లేడు టప్పున మూసుకుంది.

అమృతవల్లి నవ్వు మాయమైంది. పెట్టెలోంచి చేతికందిన కత్తి తెరిచి మీదికి దూకింది. స్టీఫెన్ పక్కకి తప్పుకున్నాడు. మొన బల్లకి తగిలింది. కత్తి ఆమె వేళ్ల మీదే మడుచుకుంది.

"మీ ముఠా సరుకేనండి," అన్నాడు స్టీఫెన్. రుమాలుతో వేళ్లకి కట్టు కట్టి, రెండో చేతిని స్తంభానికి బేడీ వేసి, రేవుకేసి పరుగెత్తాడు.

పదకొండు యాభై తొమ్మిది. నడుంలోతు నీళ్లలో టీమ్ లీడర్ లోవరాజు తాడు మీద కత్తి ఆనించాడు.

"లోవరాజుగారూ! కొయ్యకండి! ఆ లాకు నిలవదండి!"

లోవరాజు కత్తిని తిప్పి చూశాడు. వీపు మీద బొటనవేలితో నొక్కాడు. లాకు జారి బ్లేడు మడుచుకుంది.

"అమ్మబాబోయ్! ఇంకొక్క లాగుడైతే ఈ చేత్తో అన్నం కలుపుకునేవాణ్ణి కాదండి!"

రెండింటికల్లా స్టీఫెన్ రాజోలులో ఆటో దిగాడు. లిడియా వంటింట్లో వంకాయలు తరుగుతోంది.

"ట్రెయినింగ్ అప్పుడే అయిపోయిందాండీ? ఒక్క ఫోనైనా చెయ్యరా?"

అతను సంచిలోంచి నలభై కిలోలు మోసిన కత్తి తీసి, తెరిచి, పిడి ఆమె అరచేతిలో పెట్టాడు.

"అయ్యో, చేతికిచ్చేరేంటండీ! గొడవలొస్తాయి!"

"రానీ," అన్నాడు స్టీఫెన్. "పదకొండు రోజులైంది, గొడవపడ్డానికి మనిషి లేక."