మేనమామ పంచిపెట్టిన చదువు

గురువారం పొద్దున్నే ఎనెలేసి వాకిట్లో పొయ్యి రాజేసి, మందాసీలనే తీపి పిండి ఉండలు నూనెలో వేయిస్తోంది. తొంద్వే సంతకు పోయే ఆడవాళ్ళు ఆ వాసనకు ఆగి, క్షేమం అడిగి, వేడివేడిగా కొనుక్కుని వెళ్తున్నారు. వరండాలో ఆమె అన్న బిస్విక్ కాళ్ళు చాపుకుని కూర్చుని, టీలో మందాసీ ముంచుకు తింటున్నాడు. మొన్న ఊరి నుంచి వచ్చాడు. ఎప్పుడొచ్చినా కప్పు కారుతోందనో, మేకలు చిక్కిపోయాయనో సణిగే మనిషి, ఈసారి వచ్చినప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నాడు. అది చూసైనా ఎవరికో ఒకరికి అనుమానం రావలసింది. రాలేదు. మేనమామ నవ్వుతుంటే కదిలించే ధైర్యం ఎవరికుంటుంది?

లోపల ఎనెలేసి కూతురు టిసుంగే ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఆమెది వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చిన్న ఉద్యోగం. వేరుశనగ గింజకు పట్టే బూజు మీద ఏళ్ళ తరబడి పని చేస్తోంది. ఆ బూజు పట్టిన గింజ తిన్న పిల్లలు ఎదగరు, పెద్దవాళ్ళకు కాలేయం చెడుతుంది. దాని మీదే పై చదువు చదవడానికి కెన్యాలో ఒక విశ్వవిద్యాలయానికి పంపించే ఫెలోషిప్ ఒకటుంది. ఫీజు, గది, తిండి, దారి ఖర్చు అంతా వాళ్ళదే. రెండుసార్లు కాదన్నారు. ఈ ఏడు పిలిచి మరీ అవునన్నారు. ఆ రోజు ఎనెలేసి కూతుర్ని పట్టుకుని ఎంత ఏడ్చిందంటే, పక్కింటివాళ్ళు ఎవరో పోయారనుకుని పరుగెత్తుకొచ్చారు.

విమానం టికెట్ సంగతి కనుక్కుందామని టిసుంగే జోంబా పట్నంలోని ఫెలోషిప్ ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడి అధికారి శ్రీమతి కచింగ్వే తీసింది.

"అదేమిటమ్మా, నువ్వు మానుకున్నావు కదా. మీ పెద్దాయన నిన్ననే వచ్చి చెప్పి వెళ్ళారు."

అవతలి గొంతు నెమ్మదిగా విషయం చెప్పుకొచ్చింది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, వెంట ఆమె తమ్ముడు మసౌకో, వచ్చారు. మా అమ్మాయి రావడం లేదు, ఆ చోటు ఈ కుర్రాడికి ఇచ్చాను, వీడిని పంపే ఏర్పాట్లు చూడండి అన్నారు. అలా మార్చడం కుదరదండీ, ఎవరి చోటు వాళ్ళదే, అబ్బాయి వచ్చే ఏడు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆమె చెప్పింది. సరే, వచ్చే ఏడే పంపుతాం, అమ్మాయి మాత్రం రాదు అని ఆయన లేచారు. ఇంటిపెద్ద మాట కదాని ఆఫీసు అలాగే రాసుకుంది. వరసలో తరవాత ఉన్న మనిషికి ఈ రోజు మధ్యాహ్నం కబురు వెళ్ళిపోతుంది.

టిసుంగే బతిమాలింది. శ్రీమతి కచింగ్వే, పోయినేడు ఒక అమ్మాయిని ఇంటివాళ్ళు చదువు మధ్యలో పిలిపించుకుని మళ్ళీ పంపలేదనీ, అప్పటి నుంచి కమిటీ ఇంటివాళ్ళ మాట లేకుండా అడుగు వెయ్యడం లేదనీ చెప్పింది. ఆ పెద్దాయన స్వయంగా వచ్చి తన మాట వెనక్కి తీసుకుంటే చూస్తానంది. అదీ మధ్యాహ్నం లోపే.

టిసుంగే వరండాలోకి వచ్చింది. మేనమామతో మాట్లాడాలంటే ఆడపిల్ల మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఆమె కూర్చోలేదు. ఎనెలేసి అది చూసి గరిటె నూనెలోనే వదిలేసింది.

"మామయ్యా, నా చదువు ఎవరికిచ్చారు?"

బిస్విక్ తడబడలేదు సరికదా, మంచి కబురు చెప్పే తీరికతో గ్లాసు పక్కన పెట్టాడు. "నీ తమ్ముడికి. వచ్చే ఏడు తీసుకుంటామన్నారు. పెద్దమనిషితో ఎవరూ కాదని అనరులే, వచ్చే ఏడన్నారంటే ఇచ్చినట్టే."

"అది ఒకరికొకరు ఇచ్చుకునేది కాదు మామయ్యా."

"ఎందుకు కాదు? పోయినేడు నీ పొలం దున్నేవాళ్ళు లేరని మసౌకోకి ఇచ్చాను. నువ్వు నోరెత్తావా? ఇంటికొచ్చింది ఇంట్లో ఎవరిదైనా ఒకటే."

"పొలం మీరిచ్చింది. ఇది వాళ్ళు నన్ను చూసి ఇచ్చారు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. కోపం మాత్రం రాలేదు, అదే ఆశ్చర్యం. కూర్చో అన్నాడు. ఆమె కూర్చోలేదు. వాళ్ళలో వంశం ఆడపిల్ల వల్లే నిలుస్తుంది. మగవాడు ఎక్కడికెళ్ళినా ఒకటేననీ, వాడి పిల్లలు వాడి పెళ్ళాం ఇంటి పిల్లలనీ మొదలుపెట్టాడు. ఎనెలేసి చెల్లెళ్ళిద్దరూ ఆడపిల్లలు లేకుండానే కన్నుమూశారు. వాళ్ళ తల్లి కడుపు నుంచి వచ్చిన ఇంటికి ఇప్పుడు మిగిలిన ఆడపిల్ల ఒక్కతే. రేపు కెన్యాలో ఎవడినో కట్టుకుని అక్కడే ఉండిపోతే, అమ్మమ్మల నాటి నుంచి వస్తున్న ఇల్లు టిసుంగేతో సరి.

"నిన్ను తక్కువ చేసి ఆపలేదే పిల్లా," అన్నాడు. "నిన్ను పోగొట్టుకోలేక ఆపాను."

ఆడపిల్ల చదువుకు అడ్డం పడేవాళ్ళు ఎందుకూ పనికిరానిదని పడతారు. బిస్విక్ విలువైనదని పడ్డాడు. నన్నడిగితే ఈ రెండోదే గట్టి గోడ. మొదటిదానితో పోట్లాడవచ్చు, దీనితో పోట్లాడితే మనమే పాపిష్టివాళ్ళం అవుతాం.

ఇంతలో మసౌకో దొడ్డి వైపు నుంచి వచ్చాడు. సంతలో ఫోన్లు బాగుచేసే కొట్టుంది అతనికి. డిప్లొమా చదివాడు, పైకి చదవాలని కోరికా ఉంది. అక్క ముఖం చూడగానే అన్నీ అర్థమై గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"నువ్వూ వెళ్ళావటగా," అంది టిసుంగే.

"దారి చూపించమన్నాడు, చూపించాను. లోపల నా పేరు చెప్తాడని నాకు తెలీదక్కా."

"తెలిశాక?"

అతను తల వంచుకున్నాడు. "నోరు మూసుకున్నాను. ఒక్క నిమిషం నిజంగానే నాకొస్తుందేమో అనిపించింది. తరవాత నీతో చెప్పడానికి ముఖం చెల్లలేదు."

టిసుంగే అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. చిన్నప్పుడు వీపున కట్టుకుని మోసిన తమ్ముడు. ఆ క్షణంలో మేనమామ చేసినదానికన్నా ఈ ఒక్క నిమిషమే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. మేనమామ వైపు తిరిగి, మధ్యాహ్నం లోపు వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోమని అడిగింది.

"నా మాట నేనే మింగనా? అదీ పట్నంలో, పరాయి ఆడమనిషి ముందు? రేపు మన ఊళ్ళో నా ముఖం ఎవరు చూస్తారు?"

ఎనెలేసి అంతవరకూ ఒక్క మాటా అనలేదు. అన్న ఎదుట ఆమె ఎప్పుడూ అనలేదు. మొగుడు పోయినప్పుడు, పిల్లలకు పేర్లు పెట్టినప్పుడు, ఇల్లు కట్టినప్పుడు అన్న చెప్పిందే మాట. అక్కచెల్లెళ్ళకూ వాళ్ళ పిల్లలకూ కాపలా మేనమామే అని ఆమె తల్లి నేర్పింది. ఇప్పుడు మాడిపోతున్న మందాసీలను దించి, చేతులు కడుక్కుని వచ్చి, అన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గొంతు పెంచలేదు.

"అన్నయ్యా, కోళ్ళకు కాపలా ఉండమన్నాం గానీ గుడ్లు పంచిపెట్టమని ఎవరన్నారు? నా కడుపున పుట్టిన దాని చదువు తీసేటప్పుడు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?"

బిస్విక్ ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు. లేచి తలగుడ్డ బిగించుకుంది.

"నువ్వు రావద్దులే. నేనే వెళ్ళి చెప్తాను. ఈ ఇంటికి మాట్లాడే మేనమామ లేడా అని అడుగుతారు. లేడని చెప్తాను."

అంతకంటే పెద్ద మాట వాళ్ళలో లేదు. బిస్విక్ ముఖం నల్లబడింది. ముగ్గురూ, తల్లి, కూతురు, వెనకాల మసౌకో, రోడ్డు వైపు నడిచారు. ఆయన కదలలేదు.

తొంద్వే స్టాండులో జోంబా మినీబస్సు ఉంది. ఉంటే ఏం లాభం, నిండితే గానీ కదలదు. డ్రైవరు టమాటాలమ్మే ఆవిడతో బేరమాడుతున్నాడు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఎండ నెత్తి మీదికి పాకుతోంది. టిసుంగే పళ్ళు బిగించి కూర్చుంది. బయల్దేరదీయమని మసౌకో దిగి కండక్టరును బతిమాలాడు, గదిమాడు, చివరికి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. ఇంకొక్కరు రావాలి, ఒక్కరొస్తే పోదాం అంటాడు వాడు. ఆ ఒక్కరు రారు. పెద్దాయన లేకుండా వెళ్ళినా ఏం ఒరుగుతుంది? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అప్పుడు సైకిల్ టాక్సీ ఒకటి దుమ్ము రేపుకుంటూ వచ్చి బస్సు పక్కన ఆగింది. వెనక సీటు మీంచి బిస్విక్ దిగాడు. సంతకు వేసుకునే కోటు వేసుకున్నాడు. ఎవరి వైపూ చూడకుండా ఎక్కి, మిగిలిన ఆ ఒక్క సీట్లో కూర్చున్నాడు.

"ఇంకేం చూస్తున్నావురా, పోనీ," అన్నాడు కండక్టరుతో.

జోంబా చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది.

ఆఫీసులో శ్రీమతి కచింగ్వే బల్ల మీది ఫోన్ చేతికి తీసుకుని ఉంది. వీళ్ళను చూసి పెట్టేసింది. బిస్విక్ టోపీ తీశాడు. ఎన్నో పంచాయతీల్లో కూర్చుని మాట్లాడిన మనిషి అక్కడ నిలబడే మొదలుపెట్టాడు.

"అమ్మా, నిన్న చెప్పింది నా మాట. పిల్ల మాట కాదు. దాన్ని అడగలేదు, దాని తల్లినీ అడగలేదు. నాది కానిదాన్ని ఇంకొకరికిచ్చాను. తప్పు నాది. పిల్లను పంపించండి."

శ్రీమతి కచింగ్వే ఆయన్ని కూర్చోమంది. మర్యాదగానే, కానీ వదలకుండా అడిగింది. పోయినేడు వెళ్ళిన అమ్మాయిని మేనమామ పోయాడనే పిలిపించారు. కర్మ అయిపోయాక, ఇంట్లో పెద్ద దిక్కు లేదు, ఇక్కడే ఉండిపొమ్మన్నారు. ఆ చదువు అక్కడే ఆగింది.

"కోపం తెచ్చుకోకండి. మీకే ఏదైనా అయితే?"

మేనమామ చావుకు మేనకోడలు రాకపోవడమంటే, నిప్పు పెట్టని పొయ్యి లాంటిది. ఆమె లేకుండా ఏడుపే మొదలవ్వదు. ఆ ఊళ్ళో అలాంటి చావు ఇంతవరకూ లేదు. బిస్విక్ కిందికి చూస్తూ టోపీ అంచును వేళ్ళతో తిప్పాడు. ఎనెలేసి, అన్నయ్యా వద్దు అని గొణిగింది.

"కబురు చెయ్యొద్దని చెప్పి పోతాను," అన్నాడు ఆయన. "మసౌకో, నువ్వు విను. మీ అమ్మా వింటోంది. నేను పోతే దీని చదువయ్యాకే చెప్పండి. అంతవరకూ ఏడిచేవాళ్ళు మీరున్నారు, చాలు."

మసౌకో కళ్ళు తుడుచుకుంటూ, సరే మామయ్యా, నాదీ పూచీ అన్నాడు. అక్క వైపు చూసి, నీ పొలం కూడా నేనే చూస్తాను, నీ పేరు మీదే అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. శ్రీమతి కచింగ్వే రాసుకున్నది కొట్టేసి, టిసుంగే పేరు మళ్ళీ రాసింది. టికెట్ వచ్చే వారం వస్తుందంది.

బయట మెట్ల మీదికి వచ్చాక టిసుంగే ఆగింది. పొద్దున్న ఆయన ముందు నిలబడి మాట్లాడినందుకు ఆమెకు ఇప్పటికీ విచారం లేదు. కానీ గెలిచినట్టూ లేదు. ఇంత పెద్దదేదో ఆయన చేత ఇప్పించుకున్నానని మాత్రం తెలిసింది.

"నిజంగానే కబురు చెయ్యనివ్వరా మామయ్యా?"

"చెయ్యనివ్వను."

"నాకు తెలియకుండానే..."

"తెలియకుండానే."

ఆయన నాలుగు మెట్లు దిగి, ఆగి, వెనక్కి తిరిగాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది. ఎండలో నెరిసిన జుట్టు, లోపలికి పోయిన బుగ్గలు, అన్నీ కనపడుతున్నాయి. ఆ మనిషి ఇంత ముసలివాడయ్యాడని ఆమె అప్పటిదాకా గమనించనే లేదు.

"అందుకే పిల్లా, చూసుకోవాలనుంటే ఇప్పుడే చూసుకో," అన్నాడు. "బాగా చూసుకో."

టిసుంగే మెట్లు దిగి వెళ్ళి ఆయన మెడ పట్టుకుని, చావింట్లో ఏడ్చినట్టు గొంతెత్తి ఏడ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. బిస్విక్ ఆమెను ఆపలేదు.