పూంగొడి ఒలకబొయ్యని నీళ్లు

"టీచర్, ఇవాళైనా పాఠం చెప్తారా?" కవిప్రియ మళ్లీ అడిగింది.

"నీ కార్డు ఏదో చూసుకోమ్మా," అంది నిర్మల టీచర్, మళ్లీ.

కవిప్రియకు ఏమీ పాలుపోలేదు. ముదలియార్‌పేటలోని ఆ తమిళం బడిలో పోయినేడు దాకా టీచర్ బోర్డు మీద రాసేది, పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవాళ్లు. ఫస్ట్ ర్యాంకు ఎప్పుడూ కవిప్రియదే. 2007 జూన్‌లో బడి తెరిచేసరికి బెంచీలు పోయి చాపలు వచ్చాయి, ట్రేల నిండా కార్డులు వచ్చాయి. ఎవరి కార్డు వాళ్లే చేసుకోవాలి. గోడమీది చార్టులో తమ పేరు పక్కన పెన్సిల్‌తో తామే టిక్కు పెట్టుకోవాలి. ర్యాంకులు మాత్రం లేవట. ర్యాంకుల్లేని బడి కూడా ఒక బడేనా!

పోనీ, ఎక్కువ టిక్కులున్నవాళ్లే ఫస్ట్ అని కవిప్రియ తనకు తానే తేల్చేసుకుంది. చకచకా టిక్కులు పెట్టేసింది. నీళ్లు కొలిచే కార్డు వచ్చినప్పుడు మగ్గు ముట్టుకోనేలేదు. బాటిల్‌ను ఓ చూపు చూసి, తోచిన అంకె రాసేసింది. ఇదేమని ఎవరూ అడగలేదు.

ఆ రోజు టీచర్ ఒక కొత్త అమ్మాయిని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. పేరు పూంగొడి, ఏడాది చిన్నది. అమ్మానాన్నలతో రెండేళ్లు ఊరికి దూరంగా ఇటుకల బట్టీ దగ్గర ఉండి వచ్చింది. అక్కడ బడి లేదు.

"మీ ఇద్దరిళ్లలోనూ తెలుగే కదా. ఈ నీళ్ల కార్డు నువ్వు చేసేశావు, కొంచెం తోడుండు," అని టీచర్ ఇంకో చాప దగ్గరికి వెళ్లింది.

"ఈ మగ్గుతో ఎన్నితూర్లు పోస్తే లీటరు బాటిలు నిండతాదక్కా?"

"నాలుగు," అంది కవిప్రియ, పెద్ద తెలిసినట్టు.

పూంగొడి నాలుగు మగ్గులు పోసింది. బాటిల్ నిండలేదు.

"నేనే ఒలకబోసినట్టుండాను."

మళ్లీ పోసింది. ఈసారి ఊపిరి బిగబట్టి, ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. అయినా నిండలేదు. మూడోసారీ అంతే. మగ్గు కింద పెట్టేసింది.

"నాకు సదువు రాదులే అక్కా. రేపట్నుంచి అమ్మతో పనికి పోతా."

కవిప్రియ మగ్గు అందుకుంది. తప్పు మగ్గుదా? బాటిల్‌దా? మగ్గును అటూ ఇటూ తిప్పి చూసింది. టీచర్ వంక చూసింది. టీచర్ వచ్చి తిట్టినా బాగుండు, ఏం చెయ్యాలో తెలిసేది! టీచర్ ఇటు చూడనేలేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలియదు. కానీ ఈ పిల్ల రేపు రాదు.

"నువ్వు ఒలకబొయ్యలా," అంది చివరికి. "నేనే ఈ కార్డు చెయ్యలా."

"మరి టిక్కు పెట్టుండావే?"

"ఉత్తదే. నువ్వు నీళ్లు పొయ్యి, నేను ఎంచతా."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇద్దరూ వంగి చూశారు. అయిదో మగ్గుతో నీళ్లు మూతిదాకా వచ్చి ఆగాయి. పూంగొడి కిలకిలా నవ్వింది. చార్టు దగ్గరికి పరుగెత్తి తన పేరు పక్కన మొదటి టిక్కు పెట్టింది.

వెనకే కవిప్రియ రబ్బరు తీసుకుని వెళ్లింది. తన టిక్కుల్లో ఉత్తవి ఏడు. అందరూ చూస్తుండగానే ఒక్కొక్కటీ తుడిచింది.

"ఇవన్నీ చెయ్యాల," అంది. "నా ఒక్కదానివల్ల కాదు. రేపు వస్తావా పూంగొడీ?"