ఎర్ర బటన్ నొక్కని చెయ్యి

రూప్లి జుట్టు అత్త పిడికిట్లో ఉంది.

"నా కొడుకును తిన్నవే! దారం కట్టి చంపినవ్!"

పూలి కోడల్ని ఈడుస్తోంది. రూప్లి ఎదురు తిరగడం లేదు. తండా ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తలా ఒక దెబ్బ వేసి పోతున్నారు.

పక్కనే రూప్లి భర్త రాందాస్ శవం. కప్పిన దుప్పటి నానిపోయింది. కుడి చెయ్యి దుప్పటి కింద లేదు. అది ఎగిరి పత్తిచేలో పడింది.

జీపు ఆగకముందే దూకింది ఎస్సై జంపక్క. పూలి మణికట్టు మెలితిప్పింది.

"ఇడువు! ఇంకొక్క దెబ్బ పడితే తండా మొత్తాన్ని స్టేషన్‌కు తోల్కపోత!"

పిడికిలి వదులైంది. అందులో జుట్టు కుచ్చు మిగిలింది.

2007 దసరా. ఉదయం 8.40. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి అంచు తండా. రాందాస్ పారామోటార్ పైలట్. వీపున ఇంజన్, దాని వెనక ప్రొపెల్లర్, పైన పారాచూట్. మధ్యాహ్నం కొత్తగూడెం జనం మీద పూలు చల్లాల్సినవాడు. అంతకుముందే ఆయుధపూజ. కొబ్బరికాయ కొట్టి ఇంజన్ తాడు లాగాడు. ఫుల్ స్పీడులో లేచిన మిషన్ అతని మీదికే దూకింది.

జంపక్క ఇంజన్‌కు కేబుల్‌తో కలిపిన హ్యాండిల్ చేతిలోకి తీసుకుంది. రేజు, అంటే ఇంజన్ వేగం, పెంచే లివరుకు పసుపు దారం. దాని పక్కనే ఎర్ర బటన్. ఇంజన్ ఆపేది అదే.

"ఈ దారమేనా?"

"అవ్ మేడం," అన్నది రూప్లి. పెదవి చిట్లి మాట ముద్దగా వస్తోంది. "నేనే కట్టిన. ఎర్ర బటన్ మీద మాత్రం ఏం కట్టొద్దన్నడు. కట్టలే."

జంపక్క లివరు కదిపింది. దారం కిందే సులువుగా ఆడింది. ఆమె ఇంజన్ వైపు వంగింది. కార్బొరేటర్ దగ్గర కేబుల్ లాగి ఉంది. సందులో మడతపెట్టిన రేకు ముక్క. దారం కాదు, ఇది రేజును పట్టి ఉంచింది.

"మెకానిక్ ఎవడు?"

బిచ్యా ముందుకొచ్చాడు.

"రేకు నువ్వే పెట్టినవా?"

"మా అమ్మ తోడు మేడం, లేదు! నిన్న సాయంత్రం ట్యూనింగ్ చేసి పోయిన."

"రోజూ గిట్లనే నేల మీద స్టార్ట్ చేస్తడా?"

"లేదు మేడం. వీపుకు కట్టుకునే లాగుతడు. అట్లయితే రెక్క మనిషికి అందదు. నేల మీద ఒక్కడే లాగితే చావే. ఇయ్యాల పూజ కదా... పీట మీద పెట్టి, దేవుని ముందల్నే లాగిండు."

ఏడాదిలో ఒక్కరోజు. చంపినవాడికి ఆ రోజు తెలుసు.

"ఇంజన్ ఆపిందెవరు?"

"మా మంగీలాలన్న! ఆయన లేకుంటే ఇంకా నలుగురు పోయేటోళ్లు."

కుంటుతూ వచ్చాడు మంగీలాల్. రాందాస్ అన్న. కుడిచేతికి టవల్ చుట్టి ఉంది. నెత్తురు.

"ఎట్ల ఆపినవ్?"

"ప్లగ్గు క్యాప్ పీకి ఇంజన్‌కు కరెంటు ఆపిన మేడం."

"నువ్వూ పైలట్‌వేనా?"

"తమ్మునికి నేర్పిందే నేను. నిరుడు కింద పడి కాలు ఇరిగింది." "అప్పట్నించి మిషన్ వానిదైంది. జనమూ వాని జనమే అయిన్రు."

"ఇంజన్ ఎదురు తిరిగితే మొదట ఏం చెయ్యాలని నేర్పినవ్?"

"బొటనవేలు ఎర్ర బటన్ మీద..."

ఆగాడు.

"హ్యాండిల్ యాడ పడ్డది బిచ్యా?"

"మంగీలాలన్న కాళ్ల కాడ్నే మేడం."

"కాళ్ల కాడ బటన్ పెట్టుకొని, తిరిగే రెక్క పక్కకు చెయ్యి ఎందుకు పెట్టినవ్ మంగీలాల్?"

జంపక్క బ్లేడుతో హ్యాండిల్ మీది టేపు చీల్చింది. లోపల బటన్ వైరు తెగి ఉంది. కొసలు నున్నగా. కట్టర్ దెబ్బ.

"బటన్ పనిచెయ్యదని నీకు ముందే తెలుసు. ప్లగ్గు పీకితే షాక్ కొడతదని, చేతికి గుడ్డ కావాలని కూడా తెలుసు. పూలమ్మా, ఈ టవల్ ఎప్పుడు చుట్టుకున్నడు?"

పూలి ఏడుపు ఆపింది. "పూజకు ముందల్నే. ఏందిరా అని అడిగిన. కొబ్బరిపీచు కోసుకుందన్నడు."

"కోడలి దారం వల్లే అన్న మాట మొదట అన్నదెవరు?"

పూలి పెద్దకొడుకు మొహంలోకి చూసింది.

"యాడీ, ఈమె మాట నమ్మకు," అన్నాడు మంగీలాల్ తల్లితో.

జీపులో వచ్చిన కానిస్టేబుల్ అతని చెయ్యి ఒడిసిపట్టాడు. జంపక్క టవల్ ఊడదీసింది. తమ్ముడి నెత్తురంతా టవల్‌కే ఉంది. అరచేతిలో గీత కూడా లేదు.

జంపక్క ఆ చేతిని తల్లి కళ్ల ముందు పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. నీ కొడుకును చంపిందెవరు?"

పూలి పిడికిలి విప్పింది. రూప్లి వెంట్రుకలు నేల మీద పడ్డాయి.

"మంగీలాల్," అన్నది.