రెక్కల బిజిలీ

"మా గుర్రానికి రెక్కలు పెట్టింది నువ్వేనా?"

కంప్యూటర్ ముందున్న నయీం తలెత్తాడు. స్టూడియో గుమ్మంలో వానకు తడిసిన బురఖాతో ఒకమ్మాయి. ఆమె చేతిలోని ఫోన్‌లో అతను చేసిన బొమ్మే ఉంది. గండికోట లోయ మీద ఎగురుతున్న తెల్ల గుర్రం.

"నేనే. బాగుండాదా?" అన్నాడు నవ్వుతూ.

"అది సచ్చిపోయి తొమ్మిది దినాలైంది."

నయీం నవ్వు ఆగిపోయింది.

ప్రొద్దుటూరులో పెళ్లి ఆల్బమ్‌లు చేయడం అతని పని. పెళ్లిళ్లు లేని రోజుల్లో కెమెరా పట్టుకుని జంతువుల వెంట తిరిగేవాడు. ఫొటోషాప్‌లో మేకపోతుకు నెమలి పింఛం అతికించేవాడు, ఉడుతను ఏనుగంత చేసేవాడు. నెల కిందట జమ్మలమడుగు బస్టాండు దగ్గర జట్కాకు కట్టిన గుర్రాన్ని ఫొటో తీసి, మైలవరం డ్యామ్ దగ్గర తీసిన కొంగ రెక్కల్ని దానికి తొడిగాడు. ఇన్‌స్టాలో వేలమంది చూశారు. ఆ గుర్రానికి ఒక యజమాని ఉంటాడనీ, ఆయనకో కూతురుంటుందనీ అతనికి తట్టనేలేదు.

ఆమె పేరు ఆర్షియా. రోజూ జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చి ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పని చేస్తుంది.

"వీధిలో అందరూ ఆ ఫొటో మా అబ్బాకు చూపిచ్చి నగుతాండారు. 'మీ బిజిలీ సచ్చిపోలేదులే సాయిబూ, ఎగిరిపోయింది' అంటాండారు. ఆయన అన్నం ముట్టి మూడు దినాలైంది. నీకేమో లైకులు!"

నయీం ఆమె ముందే ఇన్‌స్టా నుంచి ఆ ఫొటో తీసేశాడు. ఇంకా తిట్టాలనే వచ్చింది ఆర్షియా. కానీ వాన తగ్గేదాకా గుమ్మంలోనే నిలబడి, అటు తిరిగి ఏడ్చింది.

వారం తర్వాత స్టూడియో నంబరుకు ఫోన్ చేసింది.

"ఆ ఫొటో మొత్తానికే తీసేసినావా?"

"ఒట్టు. ఇన్‌స్టాలో యాడా లేదు."

"అయ్యో... అబ్బా అడుగుతాండాడు. ఇంగొకసారి చూడల్లంట."

"దాన్ని చూసే కదా అన్నం మానేసినాడంటివి?"

"జనం నగితే ఏడ్చినాడు. ఇప్పుడు ఒక్కడే కూర్చోని చూసుకుంటాడంట. నేనేం చేసేది చెప్పు?"

ఆ శుక్రవారమే నయీం కంప్యూటర్‌లో మిగిలిన బొమ్మను పెద్ద ప్రింటు వేసి తీసుకుని జమ్మలమడుగు వెళ్లాడు. అక్కడికి పోయాకే తెలిసింది, ఆర్షియా తండ్రి ఫకీర్ సాహెబ్ కళ్లలో నరం ఎండిపోతోందని. ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టర్లు చెప్పేశారు. ఇక చూపు ఉండేది మహా అయితే కొన్ని నెలలు.

ముసలాయన ఫొటోను ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"అప్పా, దీని వీపు మీద పుండు యాడ?"

"బాగలేదని ఎడిటింగ్‌లో తీసేసినా చాచా."

"పెట్టు. జీను సరిగా కట్టకుండా తోలి, నేను చేసిన పుండు అది. అది లేకుంటే ఎవురి గుర్రమో మాదిరి ఉండాది."

"మరి రెక్కలు తీసేయల్నా?"

ఆయన ఫొటోను మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఉండనీ. బతికినన్ని దినాలూ నడిచింది గదా."

తర్వాత ప్రతి శుక్రవారమూ నయీం ఒక కొత్త బొమ్మతో వచ్చేవాడు. పెన్నను దాటుతున్న బిజిలీ. మబ్బుల్లో గడ్డి మేస్తున్న బిజిలీ. వారం వారం ప్రింటు పెద్దదయ్యేది, వెనక ఆకాశం నల్లబడేది, గుర్రం ఇంకా తెల్లబడేది. ముసలాయనకు కనబడాలంటే అదొక్కటే దారి.

"ఆ చెవులేంది? గుర్రాన్ని చూసినావా, గాడిదను చూసినావా?" అనేది ఆర్షియా.

"నువ్వు తల మీద రెండు వేళ్లు పెట్టి చూపిస్తివి గదా! అట్లనే పెట్టినా."

"అవి నా వేళ్లు!"

"ఒకసారి నీ తలకే పెట్టి చూస్తా. బాగుంటాయి."

"పెట్టి చూడు. మళ్లీ మౌసు పట్టుకునేదానికి నీకు చెయ్యి ఉండదు."

ఫకీర్ సాహెబ్ ఫొటో చాటునే నవ్వుకునేవాడు.

ఒక శుక్రవారం ఆర్షియా అతన్ని వాకిట్లోనే ఆపేసింది.

"మా మేనత్త కువైట్ సంబంధం తెచ్చింది. నీ బండి సప్పుడు విని వీధంతా బయటికొస్తాండారు. ఇంగ రావొద్దు."

"రావొద్దంటాండేది నువ్వా, వీధా?"

ఆమె తలుపు దగ్గరికి వేసింది. అదే జవాబనుకుని నయీం బండి తిప్పాడు.

రెండు శుక్రవారాలు వెళ్లలేదు. చేతులు ఊరుకోక ఒక బొమ్మ మొదలుపెట్టాడు. జూలులో ఒక్కో వెంట్రుకా విడదీసి కత్తిరించాడు. మూడో శుక్రవారం ఇక ఉండలేకపోయాడు.

తలుపు తీసిన ఆర్షియా మొహం పీక్కుపోయి ఉంది.

"ఆలస్యమైంది నయీం. సోమవారం నుంచి అబ్బాకు వెలుతురు కూడా తెలీడంల్యా."

చేతిలోని ప్రింటు బండరాయిలా బరువెక్కింది. ఆ రెండు శుక్రవారాలూ ఆయనకు చూపు ఉంది.

"తప్పు నాది. రావల్సింది," అన్నాడు.

"రావొద్దన్నింది నేనే గదా. రోజూ అడిగినాడు, నీకు ఫోన్ చెయ్యమని. కువైటోళ్లకు వద్దని చెప్పినంక చేద్దామనుకుంటి. నిన్ననే చెప్పినా."

లోపల్నుంచి ఫకీర్ సాహెబ్ పిలిచాడు. "వచ్చినాడా? ఏం తెచ్చినాడు? చెప్పమ్మా."

ఆర్షియా ప్రింటును తండ్రి ఒళ్లో పరిచి పక్కన కూర్చుంది.

"మబ్బు పట్టింది అబ్బా. బిజిలీ పెన్న మీద పోతాంది. రెక్కలు తడిసినాయి. వీపు మీద పుండు ఉండాది. వెనక మన జట్కా."

"జట్కాలో ఎవురుండారు?"

నయీం చేసిన బొమ్మలో జట్కా ఖాళీగా ఉంది. ఆ మాట చెప్పబోయాడు. ఆర్షియా అతని వైపు చూసింది.

"పగ్గాలు పట్టుకోని నువ్వుండావు అబ్బా. నీ పక్కన నేను."

"ఇంగ?"



"వెనక నయీం ఉండాడు."

ఫకీర్ సాహెబ్ వేళ్లు నున్నటి కాగితం మీద మెల్లగా తడుముతూ పోయి ఆగాయి.

"వెనక కుదుపులెక్కువమ్మా," అన్నాడు. "ముందుకు రమ్మను."

నయీం వెళ్లి ఆయన ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముసలాయన అతని మొహాన్ని రెండు చేతులతో తడిమి చూశాడు. నుదురు, ముక్కు, తడిసిన చెంపలు.

"ఇన్ని దినాలొచ్చినావు. నిన్ను సరిగా చూసుకోనేలేదప్పా. చూసిందంతా గుర్రాన్నే."

"నేను చూసినాలే అబ్బా," అంది ఆర్షియా.